దమ్మున్న సిస్టరమ్మ

రత్నమాల మెట్లెక్కే తీరే వేరు. అమీర్‌పేట సందుల్లో ఆమెను ఎరిగినవాళ్ళంతా దాన్ని మంచితనం అనుకునేవాళ్ళు.

మెట్రో దిగి, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల కింద నుంచి, చేతుల్లో కరపత్రాలు కుక్కేవాళ్ళను తప్పించుకుంటూ సందులోకి తిరిగితే ఒక నాలుగంతస్తుల పాత బిల్డింగు వస్తుంది. కింద జిరాక్సు షాపు, పైన కొన్ని హాస్టల్ గదులు, కొన్ని సంసారాలు. లిఫ్టు లేదు. కట్టినాయనకు ఆ ఊసే తట్టినట్టు లేదు, మెట్లు మాత్రం మోకాలెత్తున పోసి పారేశాడు. ఆ మెట్లే రత్నమాల ఏళ్ళ తరబడి ఎక్కుతూ దిగుతూ ఉంది.

ఆమెది తణుకు దగ్గర పల్లెటూరు. పెళ్ళయి, బుచ్చిబాబు వెనకాల హైదరాబాదు వచ్చి, పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో నర్సుగా చేరింది. నైటు డ్యూటీలు చేసి చేసి నడుం పట్టేశాక, ఆ ఆసుపత్రి డాక్టర్లు నడిపే పరిశోధనలోకి మారింది. పరిశోధనంటే గాజు గొట్టాల వ్యవహారం అనుకునేరు! ఎంచుకున్న ఇళ్ళకే ఏళ్ళ తరబడి వెళ్ళి, ఆడవాళ్ళ ఒళ్ళు కడుపులో పిండంగా ఉన్నప్పట్నుంచి కాటికి కాళ్ళు చాపేదాకా ఎలా మారుతూ వస్తుందో కనిపెట్టి చూడడం. బీపీ చూడాలి, బరువు చూడాలి, రక్తం తీయాలి, పోయినసారి అడిగిందే మళ్ళీ అడగాలి. "మొన్ననే చెప్పిన గదా సిస్టరమ్మా" అని విసుక్కుంటే నవ్వాలి. ఈ నవ్వడముందే, అదే అన్నిటికన్నా అలసట. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పేసరికి దవడలు కూడా నొప్పి పుట్టేవి.

ఆ బిల్డింగులో నాలుగో అంతస్తులో సత్తెమ్మ ఉంటుంది. ఆమె మనవరాలు నవీన, తల్లి కడుపులో ఉన్నప్పుడే ఈ పరిశోధనలో చేరిన పిల్ల. రత్నమాల చేతి మీదుగా తూగి, టీకాలేయించుకుని, పెద్దమనిషై, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆ పిల్లను చూస్తే రత్నమాలకు సొంత కూతుర్ని చూసినట్టే ఉంటుంది. కానీ చూడాలంటే నాలుగంతస్తులు ఎక్కాలి కదా. అక్కడే వచ్చింది చిక్కు.

నిజం చెప్పేసుకుందాం. రత్నమాలకు ఆయాసం. మెట్లెక్కుతుంటే ఊపిరి అందదు, గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంటుంది. అది పైకి తెలియకుండా ఆమె ఒక ఉపాయం పట్టింది. ఎక్కడ ఊపిరి ఆగితే అక్కడి గడప ముందు ఆగి, "ఏం వండారమ్మా?" అని పలకరిస్తుంది. ఆడవాళ్ళకు ఆ ఒక్క ముక్క చాలు. వాళ్ళు చెప్పుకుపోతారు, ఈమె తలూపుతూ ఊపిరి కూడదీసుకుంటుంది. మాట్లాడే పని వాళ్ళది, నిలబడే పని ఈమెది. "సిస్టరమ్మకు జర సుత గర్వం లేదు, అందరి గడపల ఆగుతది" అని బిల్డింగంతా పేరు.

మొదట్లో మూడో అంతస్తులో ఆగితే సరిపోయేది. తర్వాత రెండో అంతస్తులోనూ ఆగాల్సొచ్చింది. ఏడాదిగా మొదటి అంతస్తులో మంగవ్వ గడప దగ్గరే కాళ్ళు మొరాయిస్తున్నాయి. ఆమె నర్సు. తన ఆయాసం ఒక్కో అంతస్తు కిందికి దిగుతోందని ఆమెకు ఒకరు చెప్పాలా? రాత్రిళ్ళు రెండు దిళ్ళు ఎత్తుగా పెట్టుకుంటే గానీ నిద్ర పట్టడం లేదు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరమొచ్చి నెలల తరబడి మంచం మీద ఉంది. ఆ జ్వరం గుండెను కూడా పలకరించి పోతుందని, ఎన్నో ఏళ్ళకు గానీ అది బయటపడదని నర్సింగులో చదివింది. వార్డులో అలాంటివాళ్ళకు ఆమే సేవ చేసింది, ఇద్దరు ముగ్గురికి కళ్ళు కూడా ఆమే మూసింది. అందుకే భయం. చూపించుకుంటే తేలిపోతుంది, తేలితే మెట్లు బందు. కుర్చీలో కూర్చోబెట్టి కంప్యూటర్లో అంకెలు కొట్టమంటారు. నవీన పెళ్ళి ఈడుకొచ్చేదాకా, సత్తెమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ ఇళ్ళకు తనే రావాలని ఆమెకో మొండి కోరిక. ఊరందరినీ "అశ్రద్ధ చేయకండమ్మా" అని కేకలేసే మనిషి, తన దాకా వచ్చేసరికి దొంగలా నోరు కుట్టేసుకుంది.

మంగవ్వ గురించి చెప్పాలి. గడపలోనే పీటేసుకుని, గ్యాసు పొయ్యి పక్కన పెట్టుకుని, హాస్టళ్ళకు చపాతీలు చేసి పంపే మనిషి. ఆమె ఇల్లు పరిశోధనలో లేదు. పక్కింటిని తీసుకుని ఈ ఇంటిని ఎందుకు వదిలేశారో ఆ పైవాళ్ళకే తెలియాలి. మంగవ్వకు ఎవరూ బీపీ చూడరు, ఎవరూ ఏమీ అడగరు. అలాంటిది సిస్టరమ్మ తన గడపలో ఆగడం మొదలుపెట్టేసరికి ఆమె మొహం చేటంత అయింది. "నా పేరు మీ దాంట్ల లేదు గద, అయినా ఆగుతవ్" అని మురిసిపోయేది. చపాతీ తిప్పుతూ అన్నీ చెప్పుకునేది. మొగుడి తాగుడు, చెల్లెలి పంతాలు, ఒకరోజు ఉన్నట్టుండి పురిట్లో పోయిన బిడ్డ సంగతి కూడా చెప్పింది. ఆ బిడ్డ మాట ఇంట్లో కూడా ఎవరూ ఎత్తరట.

ఇక పరిశోధన పెద్ద డాక్టరు హనుమత్ప్రసాద్ గారు. ఏలూరాయన. మంచివాడే, కాకపోతే చెవిలో పడిందల్లా తన ఊరి భాషలోనే వింటాడు. నర్సులు నిజంగా ఇళ్ళకు వెళ్తున్నారా, లేక ఇరానీ హోటల్లో కూర్చుని రాసేస్తున్నారా అని అప్పుడప్పుడూ కొన్ని ఇళ్ళకు ఆయనే ఫోన్ చేసి కనుక్కుంటాడు. అలా ఒకసారి సత్తెమ్మకు ఫోన్ వెళ్ళింది.

సోమవారం మీటింగులో అందరూ టీలు తాగుతుండగా ఆయన లేచి నిలబడ్డాడు.

"ఇవాళ రత్నమాల గారికి మనం చప్పట్లు కొట్టాలండీ. అమీర్‌పేట సత్తెమ్మ గారు ఫోన్లో ఏమన్నదో ఉన్నదున్నట్టు చెప్తాను. 'మా సిస్టరమ్మకు మస్తు దమ్మున్నది సారూ, జర సూస్కోండ్రి' అంది. అంటే బస్తీలో ఈవిడ ధైర్యానికి ఎంత పేరుందో చూడండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనున్న రాగసుధ, ఆమె కూడా నర్సే, "అబ్బో, దమ్మున్న సిస్టరమ్మ గారండీ!" అని భుజం మీద చరిచింది. రత్నమాల చేతిలో టీ ఒలికింది.

ఆయనకు దమ్మంటే ధైర్యం, గుండెబలం. సత్తెమ్మ మాటలో దమ్మంటే ఆయాసం. ఇన్నేళ్ళు బస్తీల్లో తిరిగిన రత్నమాలకు ఆ రెండూ తెలుసు. ఆ ముసల్ది మెచ్చుకోలేదు, జబ్బు చెప్పింది. గుండె బాగోలేదు, కాస్త చూసుకోండి నాయనా అంటే, ఈయనగారు గుండెబలం ఉందని విని మురిసిపోతున్నాడు. ముందు రత్నమాలకు నవ్వొచ్చింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. తెలిసిపోయింది! ఎవరికీ తెలియదనుకున్నది ఆ ముసలామెకు తెలిసిపోయింది.

"అందుకే ఒక నిర్ణయం తీసుకున్నాను" అన్నాడు హనుమత్ప్రసాద్ గారు. "పంజాగుట్ట వైపు పరిశోధనలోకి కొత్తగా తీసుకున్న అపార్ట్‌మెంట్లున్నాయి కదా. అక్కడ తలుపులు తీయడం లేదని అందరూ తిరిగొచ్చేస్తున్నారు. రేపట్నుంచి అవి కూడా రత్నమాల గారే చూస్తారు. దమ్మున్నవాళ్ళకే అది సాధ్యం."

అప్పుడు ఒక్క మాట చెప్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. అందరూ నవ్వుతూ తన వైపే చూస్తుంటే ఆ మాట లోపలికే పోయింది. "అలాగే సార్" అంది.

మర్నాడే సత్తెమ్మ దగ్గరికి వెళ్ళింది. మంగవ్వ గడపలో ఆగి, పైన ఇంకో రెండు గడపల్లో ఆగి, పైకి చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. సత్తెమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"ఏం చెప్పావు పెద్దమ్మా మా సారుకి?"

"ఉన్నదే చెప్పిన. నీకు దమ్మున్నదని చెప్పిన. నిన్ను జర కూసోవెట్టి మందులిస్తరనుకున్న."

"కూర్చోబెట్టడం కాదు, ఇంకో నాలుగు బిల్డింగులు ఎక్కమన్నారు. నాకు ధైర్యం ఎక్కువని చెప్పావనుకున్నారు."

సత్తెమ్మ తల బాదుకుంది. "అయ్యో, నా నోరు పడిపోను! గదేం మాట, గంత పెద్ద డాక్టరుకు దమ్మంటే తెల్వదా?"

ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వితే రత్నమాలకు ఇంకా ఎగపోత వచ్చింది. మంచం పట్టె పట్టుకుని వంగిపోయింది. సత్తెమ్మ నవ్వాపి ఆమె వీపు నిమిరింది.

"నీకెలా తెలిసింది పెద్దమ్మా?"

"మా పెంటయ్య గిట్లనే ఉండె" అంది సత్తెమ్మ. పెంటయ్య ఆమె మొగుడు, పోయి చాలా కాలమైంది. "పనిలకెళ్ళి వచ్చి మెట్ల కాడ నిలవడి అందరిని పలకరిస్తుండె. పిల్లలతోని, ముసలోళ్ళతోని, ఆఖరికి పాలోనితోని సుత. ఎంత మంచోడో అనుకున్నం. దమ్ము తీసుకుంటుండని ఎవ్వరికి ఎరుక? నాకు సుత తెల్వలే. ఒకరోజు గా రెండో అంతస్తు కాన్నే కూలవడ్డడు." ఆమె చిక్కుడుకాయ ఒకటి తీసి, ఈనె లాగకుండా పట్టుకునే ఉంది. "నువ్వు గడపగడపకు ఆగుడు సూసినప్పటి సంది నాకు గుబులైతుంది బిడ్డా. చెప్పుకో పోయి. సిగ్గెందుకు?"

"చెప్తాలే" అంది రత్నమాల. చెప్పలేదు. భయం అంత తేలిగ్గా పోతుందా? ఇంటికెళ్ళింది, వంట చేసింది. బుచ్చిబాబు టీవీలోంచి తల తిప్పకుండా "అలిసిపోయినట్టున్నావు" అన్నాడు. "ఎండ కదండీ" అంది.

పంజాగుట్ట అపార్ట్‌మెంటు ఫ్లైఓవర్‌కి ఆనుకుని ఉంది. బయట హారన్ల గోల, గేటు దాటితే శ్మశానం నిశ్శబ్దం. లిఫ్టు ఉంది, దాని మీద 'పని చేయుట లేదు' అని కాగితం అంటించారు. ఎప్పుడంటించారో, అంచులు పసుపు పచ్చగా తిరిగాయి. వెళ్ళాల్సిన ఇల్లు ఐదో అంతస్తు. వాచ్‌మన్ "పైకెళ్ళాల్సిందే మేడమ్" అని చేతులు దులుపుకున్నాడు.

ఒక అంతస్తు ఎక్కింది. అలవాటు కొద్దీ పలకరించడానికి చుట్టూ చూసింది. అన్నీ మూసిన తలుపులు. తలుపులకు ఇనప గ్రిల్లులు, గ్రిల్లులకు తాళాలు, పైన కెమెరాలు. ఏ గడపలోనూ చపాతీ చేసే మనిషి లేదు. ఆగడానికి సాకు లేదు. కెమెరా చూస్తుండగా ఊరికే ఎలా నిలబడుతుంది? ఎక్కింది. రెండో అంతస్తులో ఒక తలుపు ముందు బెల్లు కొట్టబోయి, కొట్టి ఏమడగాలో తెలియక చెయ్యి దించేసింది. మూడో అంతస్తుకు చేరేసరికి కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. బ్యాగు జారిపోయి, బీపీ మిషను మెట్ల మీద దొర్లింది. రత్నమాల గోడ పట్టుకుని కూలబడిపోయింది. పెంటయ్య మొహం ఆమె ఎప్పుడూ చూడలేదు, అయినా ఆ క్షణంలో అతనే గుర్తొచ్చాడు.

చప్పుడుకు పక్క తలుపు కొద్దిగా తెరుచుకుంది. గొలుసు తీయకుండానే ఒకావిడ తొంగి చూసింది.

"ఏంటండీ? ఎవరు కావాలి? మేమేం కొనమండీ."

"ఎవరూ వద్దమ్మా" అంది రత్నమాల. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "నాకు ఆయాసం. మెట్లెక్కలేను. కాసేపు కూర్చోనివ్వండి, చాలు."

ఇంతకాలం మొగుడికి చెప్పలేదు, తోటి నర్సులకు చెప్పలేదు, గొలుసు వెనక నిలబడ్డ పేరు తెలియని మనిషికి చెప్పేసింది. ఆవిడ గొలుసు తీసింది. చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి, తలుపు పట్టుకుని నిలబడింది. నీళ్ళు తాగుతుంటే రత్నమాలకు ఏడుపొచ్చింది. అమ్మయ్య, అయిపోయింది, ఇంక దాచక్కర్లేదు అనిపించింది.

కిందికి దిగి, ఆటో ఎక్కి, నేరుగా హనుమత్ప్రసాద్ గారి గదిలోకి వెళ్ళింది. ఎప్పుడూ నిలబడే మాట్లాడే మనిషి, అడక్కుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సార్, సత్తెమ్మ మాట మీకు తప్పుగా అర్థమైంది. వాళ్ళ మాటలో దమ్మంటే ఆయాసం. ఆవిడ నన్ను మెచ్చుకోలేదు. నాకు జబ్బుగా ఉంది, చూడమని మీకు చెప్పింది."

ఆయన కళ్ళజోడు తీసి ఆమె మొహంలోకి, తర్వాత ఆమె పాదాల్లోకి చూశాడు. పాదాలు వాచి, చెప్పు పట్టీ పడిన చోట చర్మం లోతుగా నొక్కుకుపోయి ఉంది.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ?"

"అందరూ చప్పట్లు కొట్టారు కదా సార్."

ఆయన లేచి, ఆమె బ్యాగు తనే అందుకుని, గుండె డాక్టరు దగ్గరికి స్వయంగా తీసుకెళ్ళాడు. పరీక్షలయ్యాయి. అనుకున్నదే తేలింది. కీళ్ళ జ్వరం ఏనాడో పెట్టిపోయిన మచ్చ, గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయింది. కొన్నాళ్ళు మందులు, తర్వాత బెలూనుతో తెరవాలన్నారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఎక్కి ఉంటే సంగతేమిటో డాక్టరు చెప్పబోయాడు. "తెలుసండీ" అంది రత్నమాల. అందరూ మర్యాదగానే మాట్లాడారు. మెట్లు మాత్రం బందు. అమీర్‌పేట ఇళ్ళకు రాగసుధ వెళ్తుంది, ఈమె ఆఫీసులో కూర్చుని ఫోన్లు చేయాలి.

బుచ్చిబాబు అంతా విన్నాడు. తర్వాత "ఎండ అన్నావు కదే" అన్నాడు, అంతే. ఆ పూట టీవీ పెట్టలేదు.

వారం పోయాక రత్నమాల ఒకసారి ఆ బిల్డింగుకి వెళ్ళింది. నాలుగో అంతస్తు ఎలాగూ ఎక్కలేదు కనక, నవీనకూ సత్తెమ్మకూ ఫోన్లో చెప్పేసింది. మంగవ్వ దగ్గర ఫోను లేదు. ఒక్క అంతస్తే కదా అని కమ్మీ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగి, ఎవరు చూసినా పట్టించుకోకుండా ఎక్కింది.

మంగవ్వ చపాతీలు ఒత్తుతోంది. చూడగానే మొహం విప్పారింది. "రా రా సిస్టరమ్మా, ఎన్ని దినాలాయె!"

రత్నమాల గోడకానుకుని జరిగిందంతా చెప్పింది. గుండె సంగతి, ఆఫీసు సంగతి, ఇక మీదట రాగసుధ వస్తుందన్న సంగతి. మంగవ్వ వింటూ వింటూ అప్పడాలకర్ర ఆపేసింది. ఆమె మొహంలో జాలి కనిపించింది, దాని వెనకే ఇంకేదో వచ్చింది.

"అంటే నువ్వు నాతోని మాట్లాడనీకి ఆగలే" అంది నెమ్మదిగా. "దమ్ము తీసుకోనీకి ఆగినవు."

ఇంతకుముందు రత్నమాల అయితే నవ్వేసి, "అదేం మాట మంగవ్వా" అని తేల్చేసేది. నవ్వి నవ్వి విసిగిపోయింది. అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

"అవును. దానికే ఆగాను."

"నా బిడ్డ ముచ్చట చెప్పిన దినం సుత గంతేనా?"

పొయ్యి మీద చపాతీ మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తీయలేదు.

"మామూలు రోజుల్లో నీ మాటలు సగమే చెవిన పడేవి మంగవ్వా. ఊపిరి అందగానే వెళ్ళిపోయేదాన్ని. ఆ రోజు ఊపిరి అందాక కూడా కదల్లేదు. నువ్వు చెప్పడం అయ్యేదాకా నిలబడ్డాను."

మంగవ్వ మాడిన చపాతీ తీసి పక్కన పడేసి, కొంగుతో కళ్ళొత్తుకుంది. కోపమో ఏమో తెలియలేదు. రత్నమాల వెళ్ళిపోదామని బ్యాగు భుజానికెత్తుకుంది. బాగా అలిసిపోయి ఉంది, కిందికి దిగే మెట్లు కూడా ఎక్కువగానే కనబడ్డాయి.

అప్పుడు మంగవ్వ తను కూర్చున్న పీట లాగి ఆమె ముందుకు జరిపి, తను నేల మీదికి సర్దుకుంది.

"కూసో" అంది. "ఏం మాట్లాడకు. నేను సుత మాట్లాడ."

రత్నమాల కూర్చుంది. మంగవ్వ మళ్ళీ పిండి ముద్ద తీసుకుని ఒత్తడం మొదలుపెట్టింది.